ఉద్వాసన లేని బొమ్మ

కొందరు ఒక చోట కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కొక్క కల్పిత పాత్రను స్వీకరించి, నిర్వాహకుడు వర్ణించే లోకంలో తమ పాత్ర ఏం చేస్తుందో మాటల్లో చెబుతూ, ఫలితం తేలని చోట పాచికలు వేసి తేల్చుకుంటూ నడిపించే కథాక్రీడను పాత్రధారణ ఆట అంటారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఈ తరహా ఆటలకు మూలం. నిధికీ, రహస్యద్వారానికీ, శాపం తగిలిన ఇంటికీ ప్రాణం పోసుకున్న బొమ్మలను కాపలా పెట్టడం, లేదా ఆ బొమ్మలనే పాత్రల మీదికి ఉసిగొల్పడం వీటిలో తరచుగా కనిపించే కల్పన. ఆ కల్పన తిరుపతి, చిత్తూరు సీమకు వచ్చినప్పుడు ఏ రూపం ధరించాలి, ఇక్కడి బొమ్మలకు రాక్షసత్వం అంటగట్టవచ్చునా, అంటగడితే ఎంతవరకు అన్న ప్రశ్నలను ఈ సంవాదం ఇద్దరి వాదప్రతివాదాలుగా పరిశీలిస్తుంది. ఒకరు చంద్రగిరి కోటను రంగస్థలంగా చేసుకుని తెలుగులో ఒక పాత్రధారణ ఆటను కూర్చుతున్న యువకుడు. ఇక్కడ ఆయన పేరు ఆటకర్త. మరొకరు ఈ సీమ బొమ్మలనూ జాతరలనూ చిరకాలంగా అధ్యయనం చేసిన పండితురాలు. ఇక్కడ ఆమె పేరు జానపదవేత్త.

ఆటకర్త: బొమ్మకు చలనం కలగడం ఈ ఆటల్లో పక్కదారి కాదు మేడం, రాజమార్గమే. యూదుల ఐతిహ్యంలో గోలెం అనే మట్టిమనిషి ఉన్నాడు. పవిత్రాక్షరాల బలంతో కదిలి, చేసినవాడి ఆజ్ఞను పొల్లుపోకుండా పాటించే ఆ రూపాన్ని, ప్రేగ్ నగరంలో 16వ శతాబ్దపు మతగురువు యూదా లోవ్ తన జనాన్ని కాపాడుకోవడానికి చేశాడని కథ. డంజన్స్ అండ్ డ్రాగన్స్ తొలి సంవత్సరాల్లోనే గోలెంను స్వీకరించి, మట్టి, రాయి, ఇనుము, మాంసం అని పదార్థాన్ని బట్టి దానికి రకాలు కల్పించింది. ఆ తరువాత జీవం లేని పదార్థంతో చేసి మంత్రబలంతో నడిపించే ప్రతి రూపాన్నీ 'కన్‌స్ట్రక్ట్' అనే ఒకే వర్గంలో చేర్చింది. 1993లో ఆ ఆటలోని భయానక లోకమైన రావెన్‌లాఫ్ట్ కోసం వచ్చిన 'ది క్రియేటెడ్' అనే సాహసగాథలో, బొమ్మలు చేసేవాడి చేతుల్లో పుట్టిన ఒక కీలుబొమ్మ ఊరినంతా గుప్పిట్లో పెట్టుకుంటుంది. ఇటలీ రచయిత కార్లో కొల్లోడి 1880లలో రాసిన పినోకియో కథను చీకటివైపు తిప్పిన కల్పన అది. చంద్రగిరి రాజమహలులో మూసిన గది ఒకటి, ఆ గదిలో ఒక జత మరపాచి బొమ్మలు, రాత్రి కాగానే వాటికి కోరలు మొలిచి నిధి కోసం వచ్చినవారి మీద పడటం: ఇలాంటి ఘట్టం ఒక్కటి ఉంటే ఆట రక్తి కడుతుంది.

జానపదవేత్త: రక్తి కట్టడం ముఖ్యమే నాయనా, కానీ ఆ కోరలు ఎక్కడివో ముందు తేల్చుకోవాలి. మరపాచి బొమ్మలంటే ఎర్రచందనంతో చెక్కిన స్త్రీపురుషుల జంట. తిరుపతికి వచ్చిన యాత్రికులు తరతరాలుగా కొని ఇళ్లకు తీసుకువెళ్లినవీ, దసరా బొమ్మల కొలువులో తప్పక ఉండవలసినవీ, పసిపిల్లల చేతికి ఆటవస్తువుగా అందేవీ అవే. ఎర్రచందనం చెక్కను సాన మీద అరగదీసి వాపులకూ చర్మపు మంటలకూ పట్టు వేయడం ఇంటివైద్యం కాబట్టి, ఆ బొమ్మను బిడ్డ నోట్లో పెట్టుకున్నా మేలే తప్ప కీడు లేదని పెద్దల నమ్మకం. కదలకుండా, పలకకుండా, తాను ఏ చెక్కతో పుట్టిందో ఆ చెక్క గుణంతోనే బిడ్డను కాయడం ఆ బొమ్మ కాపలా. దానికి రాత్రిపూట కోరలు మొలిపించే ఊహ ఈ నేలది కాదు. 1988లో వచ్చిన 'చైల్డ్స్ ప్లే' సినిమాలో హంతకుడి ఆత్మ దూరిన బొమ్మ కత్తి పట్టినప్పటి నుంచి దేశదేశాలకు ఎగుమతి అవుతున్న భయం అది. ఆ భయానికి మరపాచి జంట ముఖం తొడిగితే, ముసుగు మాత్రమే చిత్తూరు సీమది అవుతుంది, ఆట కాదు.

ఆటకర్త: కోరలు పరాయివని ఒప్పుకోవడం కష్టం. కొత్తగా కట్టే ఇంటికి వేలాడదీసే దిష్టిబొమ్మకు మిడిగుడ్లు, చాచిన నాలుక, గుబురు మీసం, కోరలు అన్నీ ఉన్నాయి. గృహప్రవేశం నాటి గుమ్మడికాయ మీద గీసే ముఖమూ అటువంటిదే. కోతకొచ్చిన పొలంలో గడ్డికి పాత చొక్కా తొడిగి, మసికుండ తలగా పెట్టి, సున్నపు బొట్లతో కళ్లు దిద్దే రూపమూ దాని తోబుట్టువే. రాక్షసుణ్ణి కాపలాకు నియమించడం ఈ సీమలో ప్రతి వీధిలోనూ కనిపిస్తున్నప్పుడు, బొమ్మకు భీకరత్వం ఇవ్వడాన్ని పరాయి పద్ధతి అనడం ఎట్లా కుదురుతుంది?

జానపదవేత్త: దిష్టిబొమ్మకు కోరలున్న మాట నిజమే, అవి ఎటు తిరిగి ఉన్నాయన్నదే అసలు సంగతి. దిష్టిబొమ్మ వీధివైపు చూస్తుంది, ఇంటివైపు చూడదు. వీధిలో పోయేవాణ్ణి అది కరవదు, తరమదు, కనీసం బెదిరించాలన్నది కూడా దాని మొదటి పని కాదు. ఇల్లు చూసి ఈర్ష్యపడిన కన్ను మొదట తన మీద పడాలని, ఇంటికి తగలవలసిన దెబ్బ తనకు తగలాలని అది అంత వికృతంగా నిలబడుతుంది. ఎదిరిని కొట్టి గెలిచే కాపలాదారు వేరు, ఇంటివారి దెబ్బ తాను తిని నిలిచే కాపలాదారు వేరు. మీ ఆటల గోలెంలు మొదటి జాతివి, ఈ సీమ దిష్టిబొమ్మ రెండో జాతిది. ఆటలో దిష్టిబొమ్మను పెట్టదలిస్తే, పాత్రలకు తగలవలసిన గాయాలను కొంతవరకు తాను స్వీకరించి, తన శక్తి నిండగానే పగిలిపోయే వస్తువుగా పెట్టాలి. అట్లా పెట్టినప్పుడు ఆటగాళ్లకు ఆ వికారపు ముఖం మీద ఏర్పడే మమకారం, కోరల బొమ్మను కత్తితో నరికినప్పుడు ఏర్పడదు.

ఆటకర్త: ఆ సూత్రం బాగుంది, ఆటలో చేర్చవలసిందే. అయితే సంప్రదాయంలో బొమ్మ ఎప్పుడూ రక్షకురాలే అన్నట్టు మాట్లాడటం సగం చరిత్రను దాచడమవుతుంది. చేతబడి, బాణామతి అనే పేర్లతో చెప్పుకునే క్షుద్రవిద్యలో శత్రువు పేరు మీద పిండితోనో, మట్టితోనో, గుడ్డతోనో బొమ్మను చేసి, సూదులు గుచ్చి, గడప ముందో పొలం గట్టునో పూడ్చిపెట్టడం తెలుగు పల్లెలన్నిటికీ తెలిసిన భయం. ఇక్కడ బొమ్మ కాపలా కాయదు, వేటాడుతుంది. ఆటలో రాక్షసత్వానికి ఇంతకంటే నాటుగా, ఇంతకంటే స్థానికంగా దొరికే మూలం ఏముంటుంది?

జానపదవేత్త: అదే మూలం వల్ల నిజమైన మనుషులు చచ్చిపోయారు నాయనా. బాణామతి చేశారన్న అనుమానంతో ఒంటరి ముసలివాళ్లనూ, విధవలనూ, ఊరి అంచున బతికే పేదలనూ చెట్టుకు కట్టి కొట్టడం, పళ్లు ఊడగొట్టడం, చంపడం తెలుగు నేల మీద జరిగిన సంగతులు. ఆ నిందకు గురైనవారి దగ్గర సూదుల బొమ్మ దొరికిందా లేదా అని ఎవరూ వెతకలేదు. బొమ్మ ఉన్నదన్న నమ్మకమే చాలింది. గోలెం కథ నమ్మి ప్రేగ్ నగరంలో ఇవాళ ఎవరూ ఎవరినీ కొట్టరు కాబట్టి అది ఆటకు పనికివచ్చే కల్పన అయింది. ఇక్కడ ఇంకా ఆరని నిప్పును తీసి ఆటబల్ల మీద పెట్టి, ఆటగాళ్లు మంత్రగత్తె ఇంటికి వెళ్లి ఆమెను పట్టుకుంటే గెలిచినట్టు అని నియమం రాస్తే, ఆ ఆట ఏ పాఠం నేర్పుతుందో ఆలోచించాలి.

ఈ సమాధానానికి ఆటకర్త వద్ద ప్రత్యుత్తరం లేకపోయింది. ఉండవలసిన అవసరమూ లేదు. కల్పనకు స్వేచ్ఛ ఉండాలనే వాదన ఎంత బలమైనదైనా, ఆ కల్పన ఎవరి వీపు మీద పడుతుందో తెలిసిన తరువాత కూడా దాన్నే పట్టుకు వేలాడటం సాహసం అనిపించుకోదు. ఆయన ఆ ఘట్టాన్ని వదులుకున్నారు. అయితే వాదాన్ని వదలక, మంత్రం నుంచి యంత్రం వైపు మళ్లారు.

ఆటకర్త: మంత్రపు బొమ్మను పక్కన పెడితే, కీలు తిప్పితే కదిలే బొమ్మల సంప్రదాయం భారతీయ సాహిత్యంలో చాలా పాతది. సోమదేవుడు 11వ శతాబ్దంలో కూర్చిన కథాసరిత్సాగరంలో మయుడి కూతురు సోమప్రభ తన స్నేహితురాలు కళింగసేనకు ఒక బుట్టెడు చెక్కబొమ్మలు తెచ్చి చూపిస్తుంది: కీలు నొక్కగానే ఒకటి ఆకాశానికి ఎగిరి పూలదండ తెస్తుంది, ఒకటి నీళ్లు తెస్తుంది, ఒకటి నాట్యం చేస్తుంది, ఒకటి సంభాషిస్తుంది. ధారానగరాన్ని ఏలిన భోజరాజు పేర వెలసిన సమరాంగణ సూత్రధారం అనే వాస్తుగ్రంథంలో యంత్రాల మీద ఒక అధ్యాయమే ఉంది. ఆయుధం పట్టి ద్వారం దగ్గర నిలబడి, లోపలికి చొరబడేవారిని అడ్డుకునే చెక్కమనిషి దానిలో ప్రస్తావితం. బర్మాలో నిలిచిన పాలీ గ్రంథం లోకపఞ్ఞత్తిలో బుద్ధుడి ధాతువులకు అజాతశత్రువు కాలంలో కాపలా పెట్టిన యంత్రభటులు అశోకుడి కాలం దాకా కత్తులు తిప్పుతూనే ఉంటారు. ఇవి కాపలాబొమ్మలు కావా? ఇవి కొట్టవా?

జానపదవేత్త: కొడతాయి. కానీ మీరు చెప్పిన మూడో కథలో ఆ యంత్రభటులను అశోకుడు పోరాడి గెలవలేదు; వాటి మర్మం తెలిసినవాడి సాయంతో ఆపించవలసి వచ్చింది. గోలెం కథలోనూ అంతే: అదుపు తప్పిన మట్టిమనిషిని ఖడ్గంతో నరికినవాడు లేడు, దానికి చలనమిచ్చిన అక్షరాన్ని తొలగించి మళ్లీ మట్టిని చేసినవాడే ఉన్నాడు. అమెరికా ఆట గోలెంను తీసుకున్నప్పుడు దాని ఒళ్లు తీసుకుంది, ఆజ్ఞాపాలన తీసుకుంది, మట్టి, మాంసపు గోలెంలు అదుపు తప్పే ప్రమాదాన్ని కూడా తీసుకుంది. దాన్ని విప్పే విధానాన్ని మాత్రం మూలకు నెట్టి, ఆ స్థానంలో ఎన్ని దెబ్బలకు కూలుతుందో చెప్పే అంకెను పెట్టింది. భోజరాజు పేరు ఎత్తారు కాబట్టి ఆయనకు ఎదురైన బొమ్మల సంగతి కూడా చెప్పుకోవాలి. 15వ శతాబ్దంలో కొరవి గోపరాజు తెలుగులో కావ్యంగా రచించిన సింహాసన ద్వాత్రింశికలో విక్రమార్కుడి సింహాసనానికి ముప్పై రెండు సాలభంజికలు, అంటే శిల్పంలో మలచిన స్త్రీమూర్తులు, ఉంటాయి. మట్టిలో పూడుకుపోయిన ఆ సింహాసనాన్ని తవ్వి తీయించి భోజుడు ఎక్కబోతే ఒక్కొక్క బొమ్మ నోరు విప్పి ఆపుతుంది. ఆయుధం ఎత్తదు, శాపం పెట్టదు. విక్రమార్కుడి ఔదార్యాన్ని తెలిపే ఒక కథ చెప్పి, అంతటి గుణం నీకుంటే ఎక్కు అంటుంది. ద్వారాన్ని కాసే చెక్కమనిషిని శాస్త్రంలో వర్ణించాడని పేరుపడ్డ రాజునే, కథాలోకం ప్రశ్న అడిగే బొమ్మ ముందు నిలబెట్టి ఆపింది. కాపలా అంటే ఏమిటో ఈ రెండు భోజుల మధ్య ఉన్న దూరంలో తెలుస్తుంది.

ఆటకర్త: ప్రశ్న అడిగే బొమ్మ కాపలాదారుగా సరిపోతుంది. రాక్షసత్వం మాటేమిటి? ఆటలో భయం లేకపోతే సాహసానికి విలువ ఉండదు. ఈ సీమ ఊహలో బొమ్మ ఏ పరిస్థితిలో ప్రమాదకరమవుతుందో చెప్పకుండా, ఎప్పుడూ మంచిదే అంటే అది పిల్లల పుస్తకం అవుతుంది.

ఈ ప్రశ్నే సంవాదానికి ఇరుసు. ఇంతవరకు బొమ్మ స్వభావం గురించి సాగిన వాదన ఇక్కడి నుంచి బొమ్మ ఆయుర్దాయం వైపు, అంటే దానికి మొదలూ తుదీ ఎవరు పెడతారన్న విషయం వైపు తిరిగింది. జానపదవేత్త చెప్పిన అన్ని మాటల్లోనూ నిలువదగినది ఈ భాగమే.

జానపదవేత్త: పూజలో మొదట ఆవాహన చేస్తారు, అంటే దేవతను ఆ రూపంలోకి రమ్మని పిలుస్తారు, చివర ఉద్వాసన చెబుతారు, అంటే వచ్చిన దేవతను మర్యాదగా సాగనంపుతారు. ఈ రెండింటి మధ్య కాలం మాత్రమే ఆ మట్టి మట్టి కాదు. చవితి వినాయకుడికి ఉద్వాసన చెప్పి నీళ్లలో కలుపుతారు. దసరా కొలువుకు విజయదశమి రాత్రి ముగింపుగా ఒక బొమ్మనైనా పడుకోబెట్టి, మరుసటి రోజు అన్నిటినీ గుడ్డల్లో చుట్టి పెట్టెలో దాస్తారు. తోలుబొమ్మలాటలో రంగు వెలిసి చిరిగిపోయిన దేవతల బొమ్మలను చెత్తలో పారేయరు, ఏటిలో విడుస్తారు. ఇక్కడ పదార్థాన్ని బట్టి ముగింపు మారడం గమనించండి: మట్టి కరుగుతుంది కాబట్టి కరిగిస్తారు, తోలు కొట్టుకుపోతుంది కాబట్టి ప్రవాహానికి అప్పగిస్తారు, ఎర్రచందనం బరువుకు నీటిలో మునుగుతుందే గాని కరగదు, ఏళ్లు గడిచినా చివకదు, అందుకే మరపాచిని పడుకోబెడతారు. ఇంత శ్రద్ధ ఎందుకంటే, పిలిచి వదిలేయడమే దోషమన్న భావన. ఈ సీమ ఊహలో బొమ్మ రాక్షసి కావాలంటే దానిలోకి దయ్యం దూరనక్కరలేదు. ఒకరు దాన్ని పిలిచి, పని అప్పగించి, సెలవివ్వకుండా వెళ్లిపోతే చాలు.

ఆటకర్త: అంటే ఉద్వాసన జరగని బొమ్మే రాక్షసి. కాపలా పెట్టిన రాజు పోయాడు, రాజ్యం పోయింది, కాపాడవలసిన వస్తువు కూడా పోయి ఉండవచ్చు. బొమ్మకు మాత్రం ఎవరూ చాలునని చెప్పలేదు.

జానపదవేత్త: చంద్రగిరి అందుకు తగిన చోటే. విజయనగర ప్రభువులు తళ్లికోట ఓటమి తరువాత చివరకు వచ్చి చేరిన రాజధానుల్లో అదొకటి; ఇప్పుడు రాజమహలులో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. రాజులు మారినా కొండా చెరువూ మారని చోట, సెలవు దొరకని కాపలాకు అర్థముంటుంది.

ఆటకర్త: ఇక్కడి జాతర కూడా ఇదే సూత్రాన్ని ఇంకా పెద్ద ఎత్తున చూపుతుంది కదా. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర ఆటకు ఇవ్వగలిగినంత మరేదీ ఇవ్వలేదు. స్త్రీలను చెరబట్టిన పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ రోజుకో వేషం వేసుకుని ఊరంతా తిరిగిందని కథ. ఆ కథను అనుసరించి బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు అని వరుసగా వేషాలు కడతారు. దొర వేషం నాడు పాలెగాడు దొరికి హతుడవుతాడు. చివరి రాత్రి గుడి ముందు అమ్మవారి విశ్వరూపాన్ని మట్టితో భారీగా మలిచి, తెల్లవారక ముందే దాన్ని తొలగిస్తారు. ఆ మట్టి కోసం జనం ఎగబడతారు, రోగాలకు మందుగా దాచుకుంటారు. రాక్షస సంహారమూ, భీకరరూపమూ, ఆ రూపాన్ని కొన్ని గంటల్లోనే విప్పడమూ అన్నీ ఒకే చోట ఉన్నాయి.

జానపదవేత్త: అందుకే దాన్ని ఆటలో పెట్టకూడదు. మీరు వర్ణించింది పొరపాటు లేకుండా ఉంది, ఒక్కటి తప్ప: మాతంగి వేషాన్ని పేరు చెప్పి దాటిపోయారు. పాలెగాణ్ణి చంపిన మరునాడు గంగమ్మ మాతంగిగా వెళ్లి అతని భార్యను ఓదార్చుతుందని చెబుతారు. సంహారం తరువాత ఓదార్పు ఉండాలని తెలిసిన కథ అది. ఆటలో ఆ రోజు ఎవరూ ఆడరు. అదీగాక గంగమ్మ ఈ ఊరికి ఇప్పుడు, ఈ ఏడాది, మే నెలలో వచ్చే దేవత. శ్రీనివాసుడి చెల్లెలిగా తిరుమల నుంచి సారె అందుకునే ఆడపడుచు. సాలభంజికలు కావ్యంలోవి, వాటికి గుడి లేదు, మొక్కులు లేవు. జీవించి ఉన్న దేవత వేషానికి దెబ్బల అంకె రాసే హక్కు ఏ ఆటకూ లేదు.

ఆటకర్త: వైకుంఠపాళిలో పరమపదం చివరి గడిలో ఉంది, దాన్ని గవ్వలతో ఆడుతూనే వచ్చారు. తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ ఒకే తెర మీద ఆడుతుండగానే హాస్యపాత్రలైన జుట్టుపోలిగాడూ బంగారక్కా బూతులు మాట్లాడతారు. దేవుడికీ ఆటకూ మధ్య ఇంత మందమైన గోడ ఈ సీమలో ఎప్పుడూ లేదు. జాతరలో మొక్కు తీర్చుకోవడానికి మగవాళ్లు చీర కట్టి పూలు పెట్టుకుని స్త్రీవేషంలో తిరగడం కూడా ఒక పాత్రధారణే.

జానపదవేత్త: ఆ వేషం వేసినవాడు మొక్కుకున్నాడు నాయనా, పాచిక వేయలేదు. వైకుంఠపాళిలో పరమపదాన్ని చేరుకుంటారు గాని ఓడించరు. గోడ మందం గురించి మీరన్నది కొంత ఒప్పుకోవలసిందే. తోలుబొమ్మలవారు దేవుడి పక్కనే హాస్యగాణ్ణి నిలబెట్టారు. కానీ హాస్యగాడు రాముడి మీద చేయి ఎత్తడు.

ఈ విషయంలో ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదరలేదు. ఆటకర్త వాదనలో పస ఉంది, ఎందుకంటే జాతరను కేవలం భక్తిగా చూసి దానిలోని ఆటను విస్మరించినవారికి జాతర సగమే అర్థమవుతుంది; అయినా చేరుకోవడానికీ ఓడించడానికీ మధ్య జానపదవేత్త గీసిన గీత ఆ వాదనతో చెరిగిపోలేదు. ఆగమశాస్త్రంలోని కళాపకర్షణ గురించి కూడా వీరి మధ్య కొంత చర్చ నడిచింది. ఆలయంలో మరమ్మతులు జరపవలసినప్పుడు మూర్తిలోని దివ్యశక్తిని మంత్రపూర్వకంగా కుంభంలోకి, అంటే పూజించిన కలశంలోకి, ఆవాహన చేసి, బాలాలయం అనే తాత్కాలిక స్థానంలో ఉంచి, పని ముగిశాక తిరిగి మూర్తిలో ప్రతిష్ఠించే విధానం అది. తిరుమలలో పన్నెండేళ్లకొకసారి జరిగే అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ చివరిసారి 2018 ఆగస్టులో జరిగినప్పుడు ఈ క్రమాన్నే పాటించారు. శక్తిని ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చవచ్చునన్న ఈ ఆలోచనను ఆటకర్త తన బొమ్మలకు వాడుకోదలిచారు. ఆలోచనను వాడుకోవచ్చు, ఆలయాన్ని వాడుకోవద్దు అని జానపదవేత్త తేల్చిచెప్పగా, ఆయన అందుకు సమ్మతించి చంద్రగిరి ఘట్టాన్ని తిరిగి రాసే పనికి పూనుకున్నారు.

ఆటకర్త: అయితే గదిలో జత మరపాచి బొమ్మలు అట్లాగే ఉంటాయి. వాటిలో ఒకటి నిజమైన మరపాచి, ఆ ఇంటి బిడ్డ కోసం చెక్కింది; దాని జోడు ఎప్పుడో పోయింది. పక్కన నిలబెట్టింది శేషాచలం అడవిలో దొంగతనంగా నరికిన దుంగతో చేసిన నకలు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ కొండల్లోనూ చుట్టుపక్కల జిల్లాల్లోనూ మాత్రమే. అంతరించే ప్రమాదమున్న జాతుల వర్తకాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒడంబడిక జాబితాలో అది 1995లో చేరింది. అయినా నరుకుడు ఆగలేదు. ఆ దుంగను ఎవరూ అడిగి తీసుకోలేదు, ఆ బొమ్మను ఎవరూ ఏ బిడ్డకూ ఇవ్వలేదు, దానికి అప్పగించిన కాపలా లేదు కాబట్టి సెలవూ లేదు. అది తిరుగుతుంది. అది రాక్షసి.

జానపదవేత్త: ఇది ఈ నేలలో మొలిచిన భయం. ఒక్క జాగ్రత్త: ఆ దుంగ నరికినవాణ్ణి ఆటలో దుర్మార్గుడిగా చూపవద్దు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. వారు తమిళనాడు నుంచి కూలికి వచ్చినవారు. దుంగ విలువ ఎవరి చేతికి చేరిందో ఆ చేతిని వెతికే పని ఆటగాళ్లకు పెట్టండి.

ఆటకర్త: అట్లాగే రాస్తే బొమ్మను చంపడం గెలుపు కాదు. దుంగ ఏ చెట్టుదో కనుక్కుని, ఆ మొదలు దగ్గరికి బొమ్మను చేర్చి, అక్కడ పడుకోబెట్టాలి. దారిలో అది ప్రతిఘటిస్తుంది, అప్పుడు పాచికలు పడతాయి.

జానపదవేత్త: ప్రతిఘటనకు పాచికలు సరే. మొదటి బొమ్మ, ఇంటి బిడ్డ కోసం చెక్కిన అసలు మరపాచి, దాని మాటేమిటి? గది తెరవాలంటే అది ఏదో అడగాలి కదా.

ఆటకర్త: అడుగుతుంది. ఇక్కడికి ఎవరి కోసం వచ్చారు అని ప్రతి పాత్రనూ విడివిడిగా అడుగుతుంది. జవాబు చెప్పి పాచిక వేస్తే, వచ్చిన అంకె పెద్దదైతే తలుపు తెరుచుకుంటుంది.

జానపదవేత్త: భోజుడు పాచిక వేసి సింహాసనం మెట్లు దిగలేదు. ప్రతిసారీ కథ విని, అంత గుణం తనకు లేదని తనంతట తాను ఒప్పుకుని వెనుదిరిగాడు. ఆ కథలన్నీ అతనికి చెప్పడం వల్లనే, శాపవశాన బొమ్మలైన దివ్యకాంతలకు చివరకు విముక్తి కలిగింది. అదృష్టంతో తెరుచుకునే తలుపుకు కాపలాబొమ్మ అక్కరలేదు, తాళం చాలు.

ఆటకర్త: పాచిక లేకపోతే, ఎవరు నిజం చెప్పారో ఎవరు తేలుస్తారు మేడం? నిర్వాహకుడు తన ఇష్టం వచ్చినవాణ్ణి లోపలికి పంపితే అది పక్షపాతం అవుతుంది. ఈ ఆటల్లో పాచిక ఉన్నదే అందరికీ ఒకే న్యాయం జరగడానికి.

జానపదవేత్త: నిర్వాహకుడు తేల్చనక్కరలేదు. ఒక పాత్ర చెప్పిన జవాబు విని మిగిలిన ఆటగాళ్లు తేల్చాలి. అంతవరకు కలిసి నడిచినవారు వాళ్లే కదా, ఎవరు ఎవరి కోసం వచ్చారో వాళ్లకు తెలుసు.

ఆటకర్త ఆ నియమాన్ని మరపాచి ఘట్టానికి మాత్రం చేర్చడానికి ఒప్పుకుని, దొంగ దుంగ బొమ్మతో జరిగే పెనుగులాటకు ఇరవై ముఖాల పాచికను అట్లాగే ఉంచుకున్నారు. తాతయ్యగుంట గంగమ్మ ఘట్టాన్ని ఆటలోంచి తీసివేయడానికి మాత్రం ఇంకా అంగీకరించలేదు.